రెండు చెవుల పంది

పెద్దల పండుగ రోజు తెల్లవారేసరికే యూక్ లాన్ పథకం తయారుగా ఉంది. ముందు బజారులో కాల్చిన పందిని తీసుకోవాలి. అక్కణ్ణించి వ్యానులో చైనాలో తండ్రి పుట్టిన ఊరికి వెళ్ళాలి. ఊరి వెనక కొండెక్కి, తాతగారి సమాధి వెతికి, గడ్డి పీకి, పందిని పెట్టి, దండం పెట్టుకుని, టపాకాయలు కాల్చి దిగి రావాలి. మధ్యాహ్నం బస్సుకి పట్నం, మర్నాటి విమానానికి మలేషియాలో తాముండే ఈపో. ఇందులో తమ్ముడు వెంగ్ కీ చేయవలసిన పనులు రెండే. పందిని మోసే కర్రకి ఒక కొస పట్టడం, సమాధి రాళ్ళ మీద పేర్లు చదవడం.

"ఇంకోటి కూడా ఉంది," అంది ఆమె లాడ్జి మంచం మీద కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకుంటూ. "పంది చెవుల జోలికి పోకపోవడం."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా అక్కా?" అన్నాడు యాభై ఆరేళ్ళ వెంగ్ కీ.

"నాన్న నీకంటే బుద్ధిమంతుడు. ఆయనే ఆగలేకపోయాడు."

ఆ చెవి సంగతి వాళ్ళింట్లో అందరికీ తెలుసు. తండ్రి మోక్ తిన్ సాంగ్‌కి పన్నెండేళ్ళప్పుడు, ఇలాంటి పండుగ నాడే, పందిని కొండ మీదికి మోసుకెళ్తుంటే వెనకాల నడుస్తున్న ఆయన కరకరలాడే చెవి ఒకటి విరిచి నోట్లో వేసుకున్నాడు. పెద్దలకు పెట్టబోయేదాన్ని ఎంగిలి చేశాడని తాతగారు మోతకర్ర పట్టుకుని ఊరంతా చూస్తుండగా తరిమాడు. ఆ అవమానం తట్టుకోలేక పిల్లవాడు ఆ ఏడాదే పినతండ్రి వెంట ఓడెక్కి మలయా తగరపు గనుల్లో పనికి వెళ్ళిపోయాడు. మళ్ళీ తండ్రి మొహం చూడలేదు. కొన్నాళ్ళు యుద్ధమన్నారు, కొన్నాళ్ళు దారులు మూశారన్నారు, అన్నీ తెరిచేసరికి ఆయన మోకాళ్ళు మూతపడ్డాయి. ఈపో ఆసుపత్రిలో ఆఖరి రోజున కూతురి చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు.

"మా నాన్నకి ఒక పందిని పెట్టమ్మా. రెండు చెవులతో. సరిగ్గా చూసుకో, రెండూ ఉండాలి."

యూక్ లాన్ ఉద్యోగమంతా పోస్టాఫీసు కౌంటరు మీదే గడిచింది. ఒకరు అప్పగించిన వస్తువు చేరవలసిన చోటికి చెక్కుచెదరకుండా చేరాలన్నది ఆమెకి ఒంట్లో ఇంకిపోయిన సంగతి. ఆమెకున్న లోటు ఒక్కటే. చదివింది ఇంగ్లీషు కాన్వెంటులో కావడంతో, ఇంట్లో తండ్రి ఊరి భాషే మాట్లాడినా, చైనా అక్షరం ఒక్కటీ రాదు. వెంగ్ కీ మాత్రం చిన్నప్పుడు మూడేళ్ళు చైనా బడికి వెళ్ళాడు. అందుకే తీసుకొచ్చింది.

కాల్చిన పందుల దుకాణం ముందు జనం కిటకిటలాడుతున్నారు. యూక్ లాన్ ముందే చెప్పి ఉంచిన పంది ఎర్రగా, నిగనిగలాడుతూ, రెండు చెవులూ నిక్కబొడుచుకుని సిద్ధంగా ఉంది. ఆమె చెవులు రెండూ తడిమి చూసి, సంచిలోంచి రెండు రుమాళ్ళు తీసి ఒక్కో చెవికి ఒకటి చుట్టి ముడి వేసింది.

"చలేస్తోందా దానికి?" అన్నాడు దుకాణదారు.

"మా తమ్ముడికి ఆకలేస్తోంది," అందామె.

వ్యానులో పంది పక్కన తనే కూర్చుంది. కొండ కింద బుట్టకి వెదురు కర్ర దూర్చి ఇద్దరూ చెరో కొస భుజానికి ఎత్తుకున్నారు. వెంగ్ కీ మర్యాదగా వెనక్కి వెళ్ళబోయాడు. "ముందు నడు," అంది. ఆ విధంగా పంది చెవులు ఆమె కళ్ళ ముందూ, వెంగ్ కీ ముక్కు పందికి దూరంగానూ కొండెక్కాయి.

తండ్రి చెప్పిన గుర్తు చాలా తేలిక. చెరువుకి ఎదురుగా ఉండే సమాధి, దాని పక్కన ముక్కు విరిగిన రాతి సింహం. అంతే. కానీ తండ్రి వెళ్ళిపోయిన తర్వాత, పాతవన్నీ పగలగొట్టాలన్న ఉద్యమం నడిచిన ఒక కాలంలో, ఊరి కుర్రకారు కొండెక్కి కనపడ్డ ప్రతి సింహం ముక్కూ విరగ్గొట్టి వెళ్ళారు. ఆ సంగతి పాపం ఆయనకి తెలియదు. కొండకి ఆ పక్కనున్న సమాధులన్నీ చెరువుకి ఎదురుగానే ఉన్నాయి. ప్రతిదాని పక్కనా ఒక సింహం ముక్కు లేకుండా కూర్చుని ఉంది.

"సరే, చదువు," అంది యూక్ లాన్.

వెంగ్ కీ మొదటి రాయి ముందు వంగి, కళ్ళు చికిలించి, "మోక్," అన్నాడు గర్వంగా.

"మనదే! తర్వాత?"

అతను పక్క రాయి దగ్గరికి వెళ్ళాడు. "ఇదీ మోక్." ఇంకో రాయి. "ఇదీ మోకే అక్కా!"

"ఊరంతా మోక్‌లేరా! ఇంటిపేరు కాదు, తాత అసలు పేరు చదువు. మోక్ పాక్ హాంగ్."

భుజం నొప్పెడుతోంది. అక్క చూపు వీపులో గుచ్చుకుంటోంది. వెంగ్ కీ తర్వాతి సమాధి ముందు చాలాసేపు నిలబడ్డాడు. తల ఇటు వంచాడు, అటు వంచాడు. "మోక్..." అన్నాడు. "పాక్..."

"హాంగ్?" అంది యూక్ లాన్.

"హాంగ్," అన్నాడు వెంగ్ కీ.

ఆమె బుట్ట దించి మోకాళ్ళ మీద కూలబడింది. ఇంతదూరం వచ్చి, ఇంతకాలానికి దొరికాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని చుట్టూ చూస్తే ఒక విషయం వింతగా తోచింది. సమాధి చుట్టూ గడ్డి లేదు. ఎవరో మొన్నో నిన్నో చీపురు పెట్టి ఊడ్చినట్టుంది.

"ఇంత శుభ్రంగా ఉందేమిట్రా?"

"మంచి నేల అక్కా. గడ్డి మొలవదు," అన్నాడు వెంగ్ కీ.

వెలిసిన అక్షరాలకి కొత్తగా ఎర్రరంగు పూయడం ఆనవాయితీ కాబట్టి ఆ పనీ అతనికే వచ్చింది. మొదట్లో భయభయంగా గీత మీద గీత పూసుకుంటూ వెళ్ళినవాడు, పోనుపోను ధైర్యం పుంజుకుని, రాతి మీద లేని చోట కూడా ఒకటి రెండు గీతలు సొంతంగా చేర్చాడు. యూక్ లాన్ పండ్లు సర్ది, చెరుకుగడ నిలబెట్టి, మూడు చిన్న గిన్నెల్లో సారా పోసి, అగరొత్తులు వెలిగించింది. ఆఖర్న పంది చెవులకున్న రుమాళ్ళు విప్పింది. రెండూ ఉన్నాయి. టపాకాయల దండ అంటించి, ఆ మోత ఆగేలోపే సమాధి ముందు సాష్టాంగపడి బిగ్గరగా ఏడ్చింది.

"మీ పిల్లలం వచ్చాం! ఈపో నుంచి వచ్చాం! ఇన్నేళ్ళూ రాలేకపోయాం, మన్నించండి! కడుపునిండా తినండి!"

"ఎవరే పిల్లలు?" అంది పొగలోంచి ఒక గొంతు.

పొగ తేలిపోయాక ఎదురుగా చేతికర్ర పట్టుకుని ఎనభై దాటిన ముసలమ్మ కనపడింది. ఆమె వెనక ఒగరుస్తూ బొద్దుగా ఉన్న ఒక మనిషి, అతనూ ఇంకో బంధువూ కలిసి మోసుకొచ్చిన బుట్ట. బుట్టలో ఎర్రకాగితం కప్పిన ఇంకో పంది. ముసలమ్మని ఊళ్ళో అందరూ కామ్ అవ్వ అంటారు. బొద్దుమనిషి ఆమె కొడుకు హోయ్ తాంగ్.

యూక్ లాన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఊళ్ళో తమవాళ్ళంటూ ఎవరూ మిగల్లేదని తండ్రి చెప్పాడు గానీ, ఈ సమాధికి పందిని తెచ్చారంటే చుట్టాలే అయి ఉండాలి. ముసలమ్మ చేతులు రెండూ పట్టేసుకుంది. "మేం ఈయన పిల్లలమే అవ్వా! ఈపోలో పుట్టాం! మీరూ మావాళ్ళేనా?"

కామ్ అవ్వ చేతులు విడిపించుకుని సమాధి రాయి వైపు తిరిగింది.

"విన్నావా?" అంది రాయితో. "ఈపో నుంచట."

రాయి ఏమీ అనలేదు.

"ఈపో గనుల్లో నలభైమందితో ఒకే చప్టా మీద పడుకున్నానని చెప్పావు కదూ? ఆడగాలి కూడా సోకలేదని అన్నం గిన్నె మీద ఒట్టేశావు కదూ? ఏదీ, ఇప్పుడు చెప్పు! ఇద్దరు పిల్లలు! తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి వాళ్ళకి!" చేతికర్రతో రాతి మీద ఒక్కటి వేసింది. "చూశారా, నోరు లేవదు. బతికున్నప్పుడూ ఇంతే."

"అమ్మా, పండగ పూట..." అన్నాడు హోయ్ తాంగ్.

"నువ్వూరుకో. ఏమమ్మా, మీ అమ్మ ఏం చేసేది?"

యూక్ లాన్‌కి ముసలమ్మ ధోరణి అంతుబట్టలేదు గానీ, పెద్దావిడ అడిగితే చెప్పక తప్పదు. "గని గేటు దగ్గర కాఫీ కొట్టు పెట్టింది."

"కాఫీ!" కామ్ అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. "గనుల నుంచి తిరిగొచ్చినప్పట్నించీ ఈ మనిషి టీ ముడితే ఒట్టు! కాఫీ కాఫీ అని నా ప్రాణం తీశాడు! ఈ ఊళ్ళో కాఫీ ఎక్కడ దొరుకుతుందని ఏడ్చేదాన్ని! ఇదన్నమాట సంగతి! ఒరే అబ్బీ, నువ్వే ఏడు పుట్టావు?"

"కుక్క ఏడు," అన్నాడు వెంగ్ కీ, ఏళ్ళని పన్నెండు జంతువుల పేర్లతో లెక్కపెట్టే చైనా పద్ధతిలో.

"ఈయన పెట్టె సర్దుకుని ఇంటికొచ్చిందీ కుక్క ఏడే! హోయ్ తాంగ్, ఇటు రా. వీడి చెవులు చూడు. చేటలు! మీ నాన్న చెవులు కావూ?"

హోయ్ తాంగ్ చూశాడు. తర్వాత నెమ్మదిగా తన చెవి తడుముకున్నాడు. అదీ చేటే. అతని మొహం నిండా దిగులు కమ్ముకుంది. సిగరెట్టు పెట్టె తీసి వెంగ్ కీకి ఒకటి అందించి, "అన్నయ్యా," అన్నాడు నీరసంగా. "కమలాల తోట చిన్నదే. పైగా రెండేళ్ళుగా తెగులు."

"తోట కూడా ఉందా? ఎంత?" అన్నాడు వెంగ్ కీ సిగరెట్టు అందుకుంటూ. యూక్ లాన్ మోచేత్తో అతని డొక్కలో పొడిచింది.

"మాకు తోటలూ వద్దు, ఇళ్ళూ వద్దు," అంది ముసలమ్మతో. "నాన్న మాట నిలబెడదామని వచ్చాం. ఆఖరి ఘడియ దాకా ఈ కొండనే తలుచుకున్నాడు. ఈపో ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకునే పోయాడు."

"ఎవరు పోయారు?"

"మా నాన్న."

"ఈపోలోనా?"

"ఈపోలోనే."

"మరి కింద ఇంట్లో నా ఒళ్ళో తల పెట్టుకుని పోయినవాడెవడే? ఒక్క మనిషి ఎన్నిచోట్ల చస్తాడు?"

యూక్ లాన్ రాయి వైపు చూసింది. "అవ్వా," అంది మెల్లిగా, "ఈ సమాధి ఎవరిది?"

"మా ఆయనది. మోక్ సుయీ వింగ్. రాసి ఉందిగా?"

హోయ్ తాంగ్ వంగి చూశాడు. "రాసి ఉండేదమ్మా. ఇప్పుడిదేమిటో నాకూ తెలీడం లేదు. ఎవరు పూశారు ఈ రంగు?"

యూక్ లాన్ తమ్ముడి వైపు తిరిగింది. తిరగడానికి చాలాసేపు తీసుకుంది. వెంగ్ కీ చేతిలో కుంచె ఇంకా ఉంది. దాన్ని వీపు వెనక్కి దాచాడు.

"చైనా బడిలో మూడేళ్ళు చదివావు," అందామె.

వెంగ్ కీ నీళ్ళు నమిలాడు. "మొదటి వారం ఇంటిపేరు రాయడం నేర్పారు. తర్వాత... గని గుంటల్లో చేపలు బాగా పడేవి అక్కా."

"మూడేళ్ళూనా?"

"వానాకాలంలో కాదు."

"మరి పాక్ హాంగ్ అని ఎలా చదివావురా!"

"హాంగ్ అని నువ్వే అన్నావుగా," అన్నాడు వెంగ్ కీ.

యూక్ లాన్‌కి అతన్ని తిట్టడానికి టైము లేదు. మధ్యాహ్నం బస్సుంది, రేపు విమానం ఉంది, తాతగారు ఈ కొండ మీదే ఎక్కడో ఆకలితో ఉన్నాడు, పందిని చూస్తే పరాయి మనిషికి వడ్డించేసింది.

"దీన్నే ఎత్తుకెళ్ళి తాత ముందు పెడితే పోలా?" అన్నాడు వెంగ్ కీ.

"ఒకరు తిన్న గిన్నె తాతకి పెడతావా? ఎంగిలి చేశాడనే కదరా నాన్నని తరిమింది!"

ఇంకో పంది కొందామంటే దొరికే దారి లేదు. పండగ నాటి పందికి చాలాముందే చెప్పుకోవాలని హోయ్ తాంగ్ అన్నాడు. అప్పుడు యూక్ లాన్ చూపు ఎర్రకాగితం కప్పిన బుట్ట మీద పడింది. అక్కడే నిలిచిపోయింది. ఆ చూపు ఈపో పోస్టాఫీసులో అందరికీ తెలుసు. ఆ చూపు పడ్డాక పార్సిలు వెళ్ళి తీరవలసిందే.

"మీ ఆయన భోజనం అయిపోయింది," అంది కామ్ అవ్వతో. "సుష్టుగా తిన్నారు. టపాకాయలు కూడా కాల్చాం. ఇప్పుడు మీరు ఇంకో పందిని పెడితే ఆయనకి అరుగుతుందా? పెద్దవయసు."

కామ్ అవ్వ ఆలోచనలో పడింది. "చివరి రోజుల్లో అజీర్తే," అంది.

"చూశారా! జరిగింది చిన్న పొరపాటు. రెండు పార్సిళ్ళలో ఒకటి తప్పు చిరునామాకి వెళ్ళింది. మీది మాకిచ్చి మాది మీరు తీసుకుంటే లెక్క సరిపోతుంది."

"మాది పెద్దది," అన్నాడు హోయ్ తాంగ్.

"మాది ముందు అందింది," అంది యూక్ లాన్.

కామ్ అవ్వ చేతికర్ర ఎత్తింది. "ఇస్తాను. కానీ మీరిద్దరూ ఈ రాయి మీద చెయ్యి పెట్టి, ఈయన పిల్లలు కారని ఒట్టెయ్యాలి."

యూక్ లాన్ తడి రంగుని కూడా లెక్కచేయకుండా రాయి మీద అరచెయ్యి ఆనించి ఒట్టేసింది. వెంగ్ కీ సిగరెట్టు పారేసి అతనూ ఒట్టేశాడు. ముసలమ్మ సంతోషిస్తుందనుకుంటే, ఆమె మొహం వాడిపోయింది. చేతికర్ర మీద గడ్డం ఆనించి, "పోనీలే," అంది. "ఏటా వచ్చి ఈ ఒక్క మాటే అడిగేదాన్ని ఈయన్ని. ఏమీ లేదని తేలిపోతే, ఇక నేనేం మాట్లాడను ఈయనతో?"

ఆ మాటకి యూక్ లాన్‌కి జాలేసింది. కానీ జాలిపడుతూనే బుట్ట తన వైపు లాక్కుంది. లాక్కుని, ఎర్రకాగితం తొలగించింది.

పందికి కుడి చెవి ఉంది. ఎడమ చెవి లేదు.

అందరూ హోయ్ తాంగ్ వైపు చూశారు. హోయ్ తాంగ్ చెరువు వైపు చూశాడు.

"దారిలో ఎలుక..." అన్నాడు.

"నువ్వు మోస్తుంటే ఎలుక ఎక్కి తిందా?" అంది వాళ్ళమ్మ. "మనవలొచ్చారు నీకు! సిగ్గులేదూ?"

"వెనకాల నడిచానమ్మా. ఆ వాసనకి..."

ఇంకొకరైతే అక్కడితో చేతులెత్తేసేవారు. యూక్ లాన్ మొదటి పంది వైపు చూసింది, రెండో పంది వైపు చూసింది, అగరొత్తుల పుల్లల వైపు చూసింది. "దాని చెవి తీసి దీనికి గుచ్చితే సరి," అంది.

"ఎంగిలి కదా?" అన్నాడు హోయ్ తాంగ్, తన తప్పు పక్కకి పోయినందుకు ఉత్సాహపడుతూ.

"అవ్వా, పెద్దాయనకి చివర్లో పళ్ళున్నాయా?"

"ఒక్కటీ లేదు. గంజి తాగేవాడు."

"పళ్ళు లేనివాడు కరకరలాడే చెవి తినగలడా? మెత్తటి కండ తిని ఉంటాడు. చెవులు ముట్టుకోలేదు. కాబట్టి చెవులు ఎంగిలి కాలేదు."

ఈ వాదంలో లొసుగు ఎవరికీ కనిపించలేదు. హోయ్ తాంగ్ మెచ్చుకోలుగా తల ఊపాడు. యూక్ లాన్ అగరొత్తి పుల్ల తీసుకుని మొదటి పంది వైపు తిరిగింది. పంది తల నున్నగా ఉంది. కుడి చెవి లేదు. ఎడమ చెవీ లేదు. దాని పక్కన గొంతుక్కూర్చున్న వెంగ్ కీ దవడలు ఆడుతున్నాయి. అక్క చూడగానే ఆగిపోయాయి.

"ఎంగిలిదని నువ్వేగా అన్నావు," అన్నాడు బుగ్గలో ముక్కని పక్కకి నెట్టి. "మళ్ళీ కాదని ఇప్పుడంటే ఎలా?"

యూక్ లాన్ పుల్ల పారేసింది. అక్కడే నేల మీద చతికిలబడి, ఈసారి సమాధి కోసం కాకుండా, ఎవరు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా ఏడ్చింది. తండ్రి బతికినంతకాలం ఆమెని ఏమీ అడగలేదు. చదివించాడు, పెళ్ళి చేశాడు, ఏనాడూ ఇది కావాలని నోరు తెరవలేదు. పోయేముందు అడిగింది రెండు చెవులు. మూడు చెవులున్న కొండ మీద ఇప్పుడు ఒక్కటే మిగిలింది.

కామ్ అవ్వ ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరింది. "ఏడవకమ్మా. ఇంతకీ మీ తాత ఎవరు? పేరు చెప్పు."

"మోక్ పాక్ హాంగ్."

"పాక్ హాంగా!" ముసలమ్మ బోసినోరు విచ్చుకుంది. "మోతకర్ర పట్టుకుని కొడుకుని తరిమాడు, ఆ పాక్ హాంగా? పంది చెవి కోసం?"

"మీకు తెలుసా?"

"నన్ను ఆరేళ్ళప్పుడే ఈ ఊరి కోడలిగా తెచ్చి పెంచారు. ఆ రోజు నేనిక్కడే, ఈ పక్కనే ఉన్నాను. ఊరంతా నవ్వారు. ఆ పిల్లాడు ఊరొదిలిపోయాక మాత్రం ఎవరం నవ్వలేదు." కామ్ అవ్వ కొండ పైకి చూసింది. "తర్వాతి ఏడు పండక్కి పాక్ హాంగ్ పందిని తెచ్చాడు. పెట్టే ముందు తనే చేత్తో ఒక చెవి విరిచి, అరిటాకులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అదేమిటయ్యా, పెద్దలింకా తినందే, అని అడిగారు అందరూ. 'పిల్లాడికి,' అన్నాడు. 'ఓడ దిగి ఆకలితో వస్తాడు,' అన్నాడు. ఆ తర్వాత ఏటా అంతే. పంది తేవడానికి లేని ఏడు పిండితో చేసి తెచ్చాడు. దానికీ ఒక చెవి విరిచాడు. చచ్చేదాకా పెద్దలకి ఒంటిచెవి పందినే పెట్టాడమ్మా మీ తాత."

ఈపోలో డెబ్బై ఏళ్ళపాటు తండ్రి ఆ చెవిని తలుచుకుని తల దించుకున్నాడు. ఇక్కడ ఆయన తండ్రి ఆ చెవినే జేబులో పెట్టుకుని దారి చూశాడు. ఇద్దరిలో ఒకరికైనా రెండోవారి సంగతి తెలియలేదు. యూక్ లాన్‌కి ఏడుపు వస్తుందనుకుంటే నవ్వు వచ్చింది.

పాక్ హాంగ్ సమాధి ఇంకాస్త పైన, ముళ్ళపొదల కింద ఉంది. దాని పక్కనున్న సింహానికి ముక్కు ముందే విరిగి ఉండడంతో, కుర్రకారు చేసేదిలేక తలే పట్టుకుపోయారు. హోయ్ తాంగ్ కత్తితో పొదలు నరికాడు. వెంగ్ కీ ఎవరూ చెప్పకుండానే గడ్డి పీకాడు. అక్షరాల రంగు మాత్రం హోయ్ తాంగే పూశాడు, పూసేటప్పుడు బిగ్గరగా చదివాడు కూడా. యూక్ లాన్ ఒంటిచెవి పందిని రాయి ముందు పెట్టి, అరిగిపోయిన రాతి అంచు మీద చెయ్యి వేసింది.

"తాతయ్యా, నాన్న రెండు చెవులూ ఇమ్మన్నాడు," అంది. "ఒకటే ఉంది. రెండోది పిల్లాడు తినేశాడు."

చినుకులు మొదలయ్యాయి. పెద్దల పండక్కి చినుకులు పడితే అందరికీ సంతోషమే. మాంసం పంచుకుని, మూటలు కట్టుకుని, అందరూ కలిసి కొండ దిగారు. వ్యాను దగ్గర కామ్ అవ్వ యూక్ లాన్ చేతిలో ఎండబెట్టిన కమలా తొక్కల పొట్లం పెట్టింది. తర్వాత వెంగ్ కీ దగ్గరికి వెళ్ళి, అతని మొహం ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది.

"ఒట్టేశారు, నమ్మాను," అంది. "కానీ ఈ చెవులు..."

వెంగ్ కీ పక్కన హోయ్ తాంగ్ నిలబడి ఉన్నాడు. యూక్ లాన్ ఇన్నేళ్ళలో మొదటిసారి తమ్ముడి చెవుల వైపు పరీక్షగా చూసింది. నాన్న చెవులు చిన్నవి. అమ్మవీ చిన్నవే. తనవీ చిన్నవే. గని గేటు, కాఫీ కొట్టు, కుక్క ఏడు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆమె గబగబా తన తలమీది టోపీ తీసి తమ్ముడి నెత్తిన పెట్టి, రెండు చేతులతో కింది దాకా లాగింది.

"ఎండగా ఉంది, తియ్యకు," అంది ఆ వానలో.